ఖాళీ చేసే హక్కుకు ధర కట్టడం
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఏటా ఈ సభ జరుపుకుంటున్నామో ఆ పెద్దాయన కోర్టులో వాదించినదానికంటే ఆఫీసులో కూర్చుని రాసినదే ఎక్కువ. దుకాణం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కలిసి వచ్చి అద్దె ఎంతో, అడ్వాన్సు ఎంతో చెప్పేస్తే ఆయన కలం తీసేవారు కాదు. “మధ్యలో పోవాల్సి వస్తే?” అని అడిగేవారు. అద్దె ఖరారైన సంతోషంలో ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న అపశకునంలా వినిపించేది. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ ఒక్క ప్రశ్న గురించే: వ్యాపార స్థలాల లీజుల్లో గడువుకు ముందే ముగించుకునే షరతు.

నా మాట ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు వాదన సిద్ధం చేసుకోవచ్చు. ముందస్తు రద్దు షరతు అద్దెలో ఒక భాగం. చదరపు అడుగుకు అరవై రూపాయలు అన్నప్పుడు, ఎప్పుడు పోవచ్చు, పోతే ఎంత కట్టాలి అన్నవి తేలకపోతే ఆ అరవైకి అర్థం లేదు. మనవాళ్లు దీన్ని ధరగా కాక శిక్షగా రాస్తున్నారు. చిక్కులన్నీ అక్కడ మొదలవుతున్నాయి.

హైదరాబాద్‌లో రెండు రకాల లీజులు పక్కపక్కనే బతుకుతున్నాయి. రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అద్దాల భవనాల్లో సాధారణంగా కనిపించే పత్రం ఇలా ఉంటుంది: తొమ్మిదేళ్ల గడువు, మూడేళ్లకోసారి అద్దె పెంపు, తరచుగా 15 శాతం, మొదటి మూడేళ్లో ఐదేళ్లో లాకిన్, అంటే అద్దెదారు పోకూడని కాలం. లాకిన్ దాటాక కంపెనీ మూడు నెలల నుంచి ఆరు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. యజమానికి ఆ సౌకర్యం ఉండదు. అద్దె ఎగ్గొట్టడం లాంటి ఉల్లంఘన జరిగితే తప్ప తొమ్మిదేళ్లూ అతను కట్టుబడి ఉండాల్సిందే. కంపెనీ కోట్లు పోసి ఇంటీరియర్లు, కేబుళ్లు, జనరేటర్లు పెట్టుకుంటుంది కాబట్టి ఈ ఏకపక్షానికి కారణం ఉంది. ఆ లాకిన్‌ను యజమానికంటే శ్రద్ధగా చదివేది బ్యాంకు. రాబోయే అద్దెల మీద అప్పిచ్చే పద్ధతిలో, అంటే లీజ్ రెంటల్ డిస్కౌంటింగ్‌లో, ఎన్ని నెలల అద్దె ఖాయమో బ్యాంకు లెక్క వేస్తుంది. లాకిన్ రెండేళ్లు తగ్గితే అప్పు కూడా తగ్గుతుంది. చాలామంది బిల్డర్లు లాకిన్ కోసం పట్టుబట్టేది అద్దెదారు పారిపోతాడన్న భయంతో కాదు, బ్యాంకు మేనేజరును ఒప్పించడానికి.

రెండో రకం మన వీధి షట్టరు, పాతబస్తీ మాటలో మలిగి. పదకొండు నెలల అగ్రిమెంటు, వంద రూపాయల స్టాంపు పేపరు, ఇరువైపులా ఒక నెల నోటీసు. కాగితం మీద చూస్తే ఇద్దరికీ సమాన హక్కు. కానీ అద్దెదారు ర్యాకులు కొట్టించాడు, ఏసీ పెట్టాడు, బోర్డు వేయించాడు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆ చిరునామా మీదే తీసుకున్నాడు, నాలుగేళ్లలో వాడకందార్లను అలవాటు చేసుకున్నాడు. ఒక నెల నోటీసుతో యజమాని పోగొట్టుకునేది ఒకట్రెండు నెలల అద్దె. అద్దెదారు పోగొట్టుకునేది వ్యాపారం. నెల అద్దె 3,500 రూపాయలు దాటిన నగర భవనాలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో ఆ అద్దెకు దొరికే షట్టరు ఎక్కడుందో నాకు తెలియదు. కాబట్టి చిన్న వ్యాపారికి దిక్కు తన పత్రమూ, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమూ.

ఆ చట్టం ఏం చెబుతోంది? పత్రంలో వేరే మాట లేకపోతే వ్యవసాయానికో వస్తూత్పత్తికో ఇచ్చిన లీజు ఏడాదికేడాది లీజు, దాన్ని ముగించడానికి ఆరు నెలల నోటీసు కావాలి. మిగతా అవసరాలకు ఇచ్చింది నెలనెలా లీజు, పదిహేను రోజుల నోటీసు చాలు. ఇది 106వ సెక్షన్. 107వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన గడువుకు ఇచ్చిన లీజు రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. రిజిస్టరు చేయని పత్రాన్ని ఆ లావాదేవీకి సాక్ష్యంగా తీసుకోవడానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ అడ్డుపడుతుంది.

ఈ మూడింటినీ కలిపి చదివితే బజారులో రోజూ జరిగే తప్పు బయటపడుతుంది. ఐదేళ్ల లీజు మాట్లాడుకుంటారు, మూడేళ్ల లాకిన్ రాసుకుంటారు, స్టాంపు సుంకం మిగులుతుందని రిజిస్ట్రేషన్‌కు వెళ్లరు. ఆంథొనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది ఇదే: రిజిస్టరు కాని ఐదేళ్ల పత్రం ఐదేళ్ల లీజును సృష్టించదు, స్వాధీనమూ అద్దె చెల్లింపూ ఉన్నాయి కాబట్టి అది నెలనెలా అద్దెగా మిగులుతుంది. అనుబంధ ప్రయోజనం కోసమైనా ఆ పత్రాన్ని చూడవచ్చు కదా అని మన జూనియర్లు వాదిస్తారు. స్వాధీనం ఏ స్వభావంతో వచ్చిందో తెలుసుకోవడానికి చూడవచ్చు. గడువు ఎంత, రద్దు ఎలా అన్నవి పత్రానికి అసలు ప్రాణం, వాటిని అనుబంధం అనలేం. 2019లో సెవోక్ ప్రాపర్టీస్ కేసులో ఈ సంగతి మళ్లీ తేటతెల్లమైంది. అంటే సుంకం ఆదా చేసుకున్న యజమాని తన లాకిన్‌ను తానే చింపేసుకున్నాడు, అద్దెదారు తన ఐదేళ్ల భరోసాను చింపేసుకున్నాడు. ఇద్దరి మధ్యా మిగిలింది పదిహేను రోజుల నోటీసు. ఈ మాట చెబితే నా దగ్గరికొచ్చే కక్షిదారులు ముందు నవ్వుతారు, తర్వాత స్టాంపు పేపరు తిరగేసి చూసుకుంటారు.

రిజిస్టరు చేశారనుకుందాం. అప్పుడైనా లాకిన్ రాసినట్టు అమలవుతుందా? ఈ ఉపన్యాసంలో నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్నది ఇక్కడ.

ఒక లెక్క తీసుకోండి. నెలకు రెండు లక్షల అద్దె, ముప్పై ఆరు నెలల లాకిన్. అద్దెదారు పద్నాలుగు నెలలు నిండగానే తాళాలు ఇచ్చి వెళ్లిపోయాడు. “లాకిన్‌లో మిగిలిన మొత్తం అద్దె చెల్లించవలెను” అని పత్రంలో ఉంది. ఇరవై రెండు నెలలకు నలభై నాలుగు లక్షలు. యజమాని దావా వేశాడు. ఈలోగా నాలుగు నెలల్లో అదే అద్దెకు ఇంకొకరు దిగారు. నలభై నాలుగు లక్షలూ వస్తాయా?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెప్పేదేమిటంటే, ఉల్లంఘనకు ఇంత అని పత్రంలో రాసుకున్నప్పుడు ఆ మొత్తం పైహద్దు మాత్రమే, దాన్ని మించకుండా సమంజసమైన పరిహారం వస్తుంది. ఫతేచంద్ కేసులో 1963లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్ని స్థిరపరిచింది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ తీర్పు ఇంకో అడుగు వేసింది: నష్టమే జరగకపోతే పరిహారం లేదు. నష్టాన్ని రుజువు చేయడం కష్టమయ్యే సందర్భాల్లో మాత్రమే రాసుకున్న మొత్తాన్ని నిజాయితీగా వేసిన ముందస్తు అంచనాగా తీసుకోవచ్చు. దానికి తోడు 73వ సెక్షన్ వివరణ ఉంది. నష్టాన్ని తగ్గించుకోవడానికి చేతిలో ఏ మార్గాలున్నాయో కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. మన ఉదాహరణలో యజమాని వాస్తవ నష్టం నాలుగు నెలల అద్దె, అంటే ఎనిమిది లక్షలు, కొత్త బ్రోకరేజీ, గోడలకు రంగులు. పత్రం రాసిన రోజున అతను నలభై నాలుగు లక్షలు ఖాయమనుకున్నాడు. హైకోర్టులన్నీ ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడవన్నది నిజమే, లాకిన్‌కు పూర్తి విలువ ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అయినా కక్షిదారుకు సలహా ఇచ్చేటప్పుడు నేను పెద్ద అంకె చెప్పను.

లాకిన్ షరతును రెండు విధాలుగా రాయవచ్చు. మొదటిది: “మూడేళ్లు పోరాదు, పోతే మిగిలిన అద్దె కట్టాలి.” ఇది నిషేధం, దానికో దండన. పోవడం ఉల్లంఘన అవుతుంది, 74వ సెక్షన్ వచ్చి కూర్చుంటుంది. రెండోది: “ఏడాది తర్వాత ఎప్పుడైనా పోవచ్చు, పోతే ఇన్ని నెలల అద్దెకు సమానమైన సొమ్ము ఇవ్వాలి.” ఇది హక్కు, దానికో ధర. అద్దెదారు ఆ సొమ్ము కట్టి వెళ్లినప్పుడు ఏ మాటా తప్పలేదు. ఉల్లంఘనే లేని చోట పరిహారాన్ని తగ్గించమని కోర్టును అడగడం చాలా కష్టం. యజమానికి వచ్చే అంకె చిన్నదే కావచ్చు, కానీ అది చేతికందే అంకె. అద్దెదారుకు కూడా, నష్టాల్లో ఉన్న వ్యాపారాన్ని ఎంతకు మూసేయవచ్చో తెలుస్తుంది.

ఈ తేడాను మనకంటే ముందు పన్నుల శాఖ పట్టుకుంది. 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 178వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. మాట తప్పినందుకు వచ్చే నష్టపరిహారం సేవకు ప్రతిఫలం కాదు, దానిమీద జీఎస్టీ లేదు. లీజును ముందే ముగించుకోనిచ్చినందుకు ఒప్పందం ప్రకారం తీసుకునే రుసుము మాత్రం ఒక సౌకర్యానికి ప్రతిఫలం, దానిమీద పన్ను ఉంది. నేను చెప్పిన రెండో పద్ధతిలో రాసేవాళ్లు ఆ పన్ను ఎవరి నెత్తిన పడుతుందో కూడా రాసుకోవాలి. వ్యాపార స్థలాల అద్దె మీద జీఎస్టీ 18 శాతం కాబట్టి ఇది మర్చిపోయే ఖర్చు కాదు.

ధర రాసుకున్నా, అన్నీ రాసుకోకపోతే ఏమవుతుందో చెప్పే కేసు లండన్‌లో ఉంది. బ్రిటన్‌లో అందరికీ తెలిసిన మార్క్స్ అండ్ స్పెన్సర్ కంపెనీ పాడింగ్టన్ బేసిన్‌లో ఆఫీసు అంతస్తులు లీజుకు తీసుకుంది. 2012 జనవరి 24న ముగించుకునే హక్కు ఉంది. దానికి ధర 9,19,800 పౌండ్లు, పైన వ్యాట్. ఇంకో షరతు, ఆ రోజుకు అద్దె బకాయి ఒక్క పౌండు కూడా ఉండకూడదు. అక్కడ అద్దె మూడు నెలలకోసారి ముందుగా కట్టాలి. అందుకని కంపెనీ డిసెంబరు 25 నాటికి మార్చి దాకా అద్దె మొత్తం కట్టింది, జనవరిలో ధర కూడా కట్టి వెళ్లిపోయింది. తర్వాత, మేం లేని రెండు నెలల అద్దె తిరిగివ్వండి అని అడిగింది. న్యాయంగా అనిపిస్తుంది కదా? 2015 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు కాదంది. ఇద్దరు అనుభవజ్ఞులు, లాయర్ల సాయంతో, పేజీల కొద్దీ రాసుకున్న పత్రంలో లేని వాక్యాన్ని మేం చేర్చలేం అంది. అంతకు కొన్నేళ్ల ముందు అక్కడి ఇంకో అద్దెదారు, ఎప్పుడో ఆలస్యంగా కట్టిన అద్దెలపై సుమారు 130 పౌండ్ల వడ్డీ కట్టలేదన్న కారణంతో రద్దు హక్కునే పోగొట్టుకున్నాడు. ఆ వడ్డీని యజమాని ఏనాడూ అడగలేదు కూడా.

ఈ తీర్పులు మన కోర్టులను కట్టేయవు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే మాదాపూర్‌లో సంతకాలయ్యే చాలా లీజులు లండన్, సింగపూర్ నమూనాల నుంచి దిగినవే. “అద్దెదారు ఈ ఒప్పందంలోని అన్ని నిబంధనలనూ పాటించి ఉన్నచో” నోటీసు ఇవ్వవచ్చు అనే వాక్యం వాటిలో దర్జాగా కూర్చుని ఉంటుంది. తొమ్మిదేళ్లలో అన్ని నిబంధనలనూ పాటించిన అద్దెదారు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఏదో ఒక గోడకు అనుమతి లేకుండా మేకు కొట్టే ఉంటాడు. అద్దెదారు తరఫున పత్రం చూసే జూనియర్లు ఆ వాక్యాన్ని కొట్టేయించి, “నోటీసు గడువు ముగిసేనాటికి అద్దె బకాయి లేనిచో” అని మాత్రమే ఉంచండి. ఇంకో సంగతి, కంప్యూటర్లో పాత ఫైలును కాపీ కొట్టే అలవాటు. హైదరాబాద్ భవనం లీజులో కర్ణాటక స్టాంపు చట్టం ప్రస్తావన నేను కళ్లారా చూశాను. రెండు పార్టీల సంతకాలూ దాని కిందే ఉన్నాయి.

రద్దు షరతు లేని చోట చట్టమే ఏదో దారి చూపుతుందని ఆశపడేవాళ్లున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ ఆశ ఎంత పలచనిదో తెలిసింది. ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో ఒక దుకాణదారు మూతబడిన నెలలకు అద్దె మాఫీ అడిగాడు. రామానంద్ వర్సెస్ గిరీష్ సోనీ అనే ఆ కేసులో మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, అంటే పని అసాధ్యమైతే ఒప్పందం రద్దయ్యే సూత్రం, లీజుకు వర్తించదు. లీజు అప్పటికే ఆస్తిలో ఒక హక్కును బదలాయించేసింది. ఈ మాటకు మూలం 1968 నాటి రాజా ధ్రువదేవ్ చంద్ తీర్పు. పంజాబ్‌లో కౌలుకు తీసుకున్న సాగుభూములు దేశ విభజనతో పాకిస్తాన్‌లోకి పోయాయి, కౌలుదారు ఇటు వచ్చేశాడు, ముందే కట్టిన కౌలు తిరిగివ్వమన్నాడు. సరిహద్దు మారినా లీజు చెదరలేదంది సుప్రీంకోర్టు. ఇక మిగిలింది ఆస్తి బదలాయింపు చట్టం 108(ఇ). అగ్ని, తుపాను, వరద, సైన్యం లేదా అల్లరిమూకల దౌర్జన్యం, ఆపలేని మరే శక్తి వల్లనైనా ఆస్తిలో ముఖ్యభాగం నాశనమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు లీజు వద్దనుకోవచ్చు. లాక్‌డౌన్‌లో షట్టరుకు ఏమీ కాలేదు, తాళం పడిందంతే. ఆ తాళం శాశ్వతమూ కాదు.

యూరోపియన్ యూనియన్ మందుల నియంత్రణ సంస్థ అయిన యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీకీ ఇదే అనుభవం. లండన్ కానరీ వార్ఫ్‌లో 2039 దాకా ఇరవై ఐదేళ్ల లీజు, మధ్యలో రద్దు చేసుకునే షరతు లేదు. బ్రెగ్జిట్ వచ్చింది, ఏజెన్సీ ఆమ్‌స్టర్‌డామ్‌కు మారాల్సి వచ్చింది. సుమారు 50 కోట్ల పౌండ్ల భారం మిగిలి ఉండగా, లీజు దానంతటదే ముగిసిపోయిందని వాదించింది. 2019 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు తోసిపుచ్చింది. ఆఖరికి ఏజెన్సీ ఇంకో అద్దెదారును లోపల పెట్టుకుంది. రద్దు హక్కు దొరకని చోట, సబ్‌లీజుకు ఇచ్చుకునే హక్కయినా పట్టుబట్టి రాయించుకోవాలని ఆ కథ చదివిన ఏ అద్దెదారుకైనా అర్థమవుతుంది. మన షట్టరు అగ్రిమెంట్లలో దానికి పూర్తిగా తలుపు మూసి ఉంటుంది.

తాళాల సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే సగం వ్యాజ్యాలు అక్కడే పుడతాయి. అద్దెదారు పోతానంటాడు, చివరి మూడు నెలల అద్దె కట్టకుండా “అడ్వాన్సులో సరిపెట్టుకోండి” అంటాడు. యజమాని తాళాలు తీసుకోనంటాడు, తీసుకుంటే లీజు ముగిసినట్టు ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆ భయం వట్టిది కాదు. 111వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాల నడవడిక నుంచి కూడా లీజు వదులుకున్నట్టు అర్థం తీయవచ్చు. కానీ తాళాలు తీసుకోకుండా ఏడాది ఖాళీగా ఉంచిన యజమాని, నష్టం తగ్గించుకోవడానికి ఏం చేశావని అడిగితే ఏం చెబుతాడు? తీసుకోవాలి. తీసుకుంటూ, నాకు రావలసిన బకాయిలకూ పరిహారానికీ భంగం లేకుండా తీసుకుంటున్నాను అని తేదీ వేసి రాసివ్వాలి. అద్దెదారు తాళాలు గుమాస్తా చేతిలో పెట్టి పోకుండా రసీదు పుచ్చుకోవాలి.

మన పెద్దాయన పత్రాలు తెలుగులోనే రాసేవారు. ఆ అలవాటు మీద గౌరవంతో, ఒక మామూలు దుకాణానికి, ఐదేళ్ల రిజిస్టరు లీజుకు, నేనైతే ఎలా రాస్తానో చదివి వినిపిస్తాను.

“పన్నెండు నెలలు నిండిన తరువాత అద్దెదారు తొంభై రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఈ లీజును ముగించవచ్చును. రెండవ సంవత్సరంలో ముగించినచో నాలుగు నెలల అద్దెకు, మూడవ సంవత్సరంలో ముగించినచో రెండు నెలల అద్దెకు సమానమైన సొమ్మును, వర్తించు పన్నుతో సహా, ఆ హక్కుకు ప్రతిఫలంగా యజమానికి చెల్లించవలెను. తదుపరి సంవత్సరాలలో చెల్లించనక్కరలేదు. యజమాని ముగించదలచినచో ఆరు నెలల నోటీసు ఇచ్చి, అద్దెదారు బిగించిన అమరికల ఖర్చును అరవై నెలలకు సమానంగా పంచి, మిగిలియున్న నెలల భాగమును అద్దెదారునకు చెల్లించవలెను. ముందుగా చెల్లించిన అద్దెలో ఖాళీ చేసిన తేదీ తరువాతి భాగమును, డిపాజిట్టును, తాళములు అప్పగించిన రోజుననే యజమాని తిరిగి ఇవ్వవలెను.”

యజమాని వైపు భాగం చూసి మీలో కొందరు కనుబొమలు ఎగరేశారు. లెక్క చూడండి. అద్దెదారు పన్నెండు లక్షలు పెట్టి దుకాణం తీర్చాడు. నెలకు ఇరవై వేలు వంతు. రెండేళ్లకే ఖాళీ చేయమంటే మిగిలిన ముప్పై ఆరు నెలలకు ఏడు లక్షల ఇరవై వేలు. మెట్రో స్టేషన్ వచ్చి వీధి ధర రెట్టింపైందని ఆశపడే యజమానికి ఆ సొమ్ము ఇచ్చినా గిట్టుబాటు కావచ్చు, అప్పుడు ఇచ్చి ఖాళీ చేయించుకుంటాడు. గిట్టకపోతే ఊరుకుంటాడు. ఖర్చు ఎంతన్నది బిల్లులతో సహా దుకాణం తెరిచిన నెలలోనే ఇద్దరూ సంతకం చేసి లీజుకు జత చేయాలి, లేకపోతే ఐదు లక్షల ర్యాకులు పన్నెండు లక్షలవుతాయి.

ఇందులో అంకెలు నావి, మీకు సరిపోవాలని లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో షట్టరు ఖాళీ అయితే ఇంకొకరు త్వరగానే దిగుతారు, అక్కడ నాలుగు నెలల ధర ఎక్కువే. ఊరి చివర ఒక కంపెనీ కొలతలకే కట్టిన గోదాముకు ఎనిమిది నెలలూ చాలవు. ఆ అంచనా లాయరు వేయలేడు. యజమాని, అద్దెదారు, బ్రోకరు ముగ్గురూ కూర్చుని వేసుకోవాలి. ఎలా వేశారో ఒక్క వాక్యం మాత్రం పత్రంలోనే రాయించండి. గొడవ వచ్చి కొన్నేళ్ల తర్వాత ఆ పత్రాన్ని చదివే జడ్జిగారికి మీ వీధి తెలియదు.